లోతును బట్టి ధర

అండమాన్ ప్రయాణానికి ఇంట్లో లెక్కలు వేసుకున్నప్పుడు విమానం టికెట్ల గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు, అంటే 2024లో పేరు మారిన శ్రీ విజయపురానికి, టికెట్టు ఎంతుంటే అంత పెట్టాల్సిందే. హోటలు దగ్గరా పెద్ద పేచీ రాలేదు. పేచీ అంతా కెమెరా దగ్గరే. ఐదారు వందల ప్లాస్టిక్ సంచి మొదలు లక్షలు పలికే సరంజామా దాకా ప్రతిదీ నీళ్ళలో ఫోటోలు తీస్తుందనే రాసి ఉంటుంది. ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోవాల్సింది మనమే.

మా ఆవిడ చీటీ ఎత్తిన డబ్బులోంచి కెమెరాకని ముప్పై వేలు పక్కన పెట్టింది. "దీనికి మించి అడగొద్దు, మిగిలితే నాకు వెనక్కియ్యల్ల" అని షరతు.

మాది బేతంచెర్లలో బండల యార్డు. బండలు కొనడానికి ఎవరొచ్చినా ధర చెప్పకముందు మేం అడిగేది "ఎక్కడ పరుస్తారు?" అని. వాకిట్లోకైతే మందం కావాలి, నునుపు ఎక్కువైతే వానకు కాలు జారుతుంది. హాల్లోకైతే పాలిష్ ముఖ్యం, మందం కొంచెం తగ్గినా నడుస్తుంది. కెమెరా విషయంలో నన్ను నేను అడుక్కున్నదీ ఇలాంటి ప్రశ్నే. ఎంత లోతులో వాడతాం?

స్నార్కెలింగ్ అంటే ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీటిమీద బోర్లా తేలుతూ కిందికి చూడటం. చెయ్యి చాపి ఫోటో తీసినా కెమెరా దిగేది మీటరో రెండు మీటర్లో, అంటే ఒక నిలువు లోతు. స్కూబా శిక్షణ లేనివాళ్ళను పక్కన ఒకరు పట్టుకుని లోపలికి దింపే డైవింగ్ వేరే ఉంది. దానికి మామూలుగా పాటించే హద్దు 12 మీటర్లు, ఏడు నిలువులు. కోర్సు చేసి మొదటి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళు 18 మీటర్ల దాకా పోవచ్చు. మా ఇంట్లో ఈత వచ్చింది నాకూ మా పాపకే, అదీ బావిలో నేర్చుకున్నది. మా ఆవిడ ఒడ్డున కూర్చుంటానని ముందే చెప్పేసింది. ఈ లెక్కన మాకు కావాల్సింది ఎక్కువసేపు ఒక నిలువు లోతు, మహా అయితే ఒకసారి ఏడు నిలువులు.

అప్పుడు కెమెరాల వివరాలు వేరేగా కనిపించడం మొదలెట్టాయి. పెద్ద గోప్రోలు పెట్టె లేకుండా 10 మీటర్ల దాకా పనికొస్తాయి. 2024లో వచ్చిన చిన్న గోప్రో 5 మీటర్లకే. డీజేఐ ఆస్మో యాక్షన్ 4 అయితే 18 మీటర్లు, తర్వాత వచ్చిన యాక్షన్ 5 ప్రో 20 మీటర్లు. 12 మీటర్లు దిగేవాడికి 10 మీటర్ల కెమెరా ఇస్తే ఆ రెండు మీటర్ల కోసం నాలుగైదు వేలు పోసి ఇంకో పెట్టె కొనాలి. స్నార్కెలింగ్‌తో సరిపెట్టుకునేవాడికి 20 మీటర్ల కెమెరా ఇస్తే వాడని లోతుకు డబ్బు కట్టినట్టు. అట్లాగని హద్దు అంచుదాకా పోవడమూ తెలివి కాదు. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. కంపెనీ చెప్పే లోతు కదలకుండా ఉన్న నీటి లెక్క. పడవ మీంచి దూకినప్పుడు నీళ్ళు ఫెడీమని కొట్టే దెబ్బ అందులోకి రాదు.

ఫోనును సంచిలో పెట్టి మెడలో వేసుకుంటే పోదా అన్నవాళ్ళే ఎక్కువ. ఐఫోన్ 12 నుంచి చాలా మోడళ్ళకు ఆపిల్ చెప్పే లెక్క 6 మీటర్ల లోతులో 30 నిమిషాలు. సామ్‌సంగ్ చెప్పేది 1.5 మీటర్లలో 30 నిమిషాలు, అదీ మంచినీళ్ళలో. సముద్రంలోనూ ఈతకొలనులోనూ వాడొద్దని ఆ కంపెనీయే రాస్తుంది. నీళ్ళు దిగి పాడైతే తమ మామూలు వారంటీ వర్తించదని ఆపిల్ ముందే చెబుతుంది. సంచి చీలితే పోయేది ఆరు వందలు కాదు, పాతిక వేల ఫోను. ఆ ఫోనులోనే ఫోన్‌పే, విమానం టికెట్లు, బ్యాంకు ఓటీపీలు అన్నీ ఉంటాయి. ఊరుకాని ఊళ్ళో, అందులోనూ ద్వీపంలో, అది చచ్చిపోతే ఆ పూట అన్నానికి కూడా పక్కవాణ్ణి అడగాలి. పైగా నీళ్ళలోకి పోయాక టచ్ సరిగా పనిచేయదు. సంచి ఒడ్డున ఇసుకనుంచి కాపాడటానికి బాగుంటుంది, అంతవరకే దాన్ని నమ్మాను.

ఇక వాయిదాల సంగతి. నలభై ఐదు వేల కెమెరాకు తొమ్మిది నెలలు, నెలకు ఐదు వేలు, వడ్డీ లేదు అని ఒక ఆఫర్ కనిపించింది. మా వైపు వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. బ్యాంకు ఏడాదికి 15 శాతం వేసుకుంటే అది రూపాయి పావలా వడ్డీ. ఆ లెక్కన తొమ్మిది నెలలకు వచ్చే వడ్డీ సుమారు 2,690 రూపాయలు. దాన్ని అమ్మేవాడు ధరలో తగ్గించి చూపిస్తాడు, బ్యాంకు వాయిదాల్లో కలిపి వసూలు చేస్తుంది, కొనేవాడికి చెల్లుకు చెల్లు అయినట్టు కనిపిస్తుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన జేబులోంచే పోతుంది, 484 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199, దానిమీద మళ్ళీ పన్ను. అంతా కలిపితే ఏడు వందల పైచిలుకు. పెద్ద మొత్తం కాదు నిజమే, కానీ వడ్డీ లేదన్న మాట మాత్రం అబద్ధం. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఒక వాయిదా తప్పి బాకీ క్రెడిట్ కార్డు మామూలు వడ్డీలోకి పడితే నెలకు మూడు, మూడున్నర రూపాయలు. మా ఊళ్ళో ఆ వడ్డీ అడిగేవాడి మొహం కూడా ఎవరూ చూడరు.

మా యార్డు ఆడిటర్ ఇంకో దారి చెప్పాడు. కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం కాదు, 18. యార్డు పేరు మీద బిల్లు తీసుకుంటే నలభై ఐదు వేలలో పన్ను 6,864 రూపాయలు, వ్యాపారానికే వాడితే దాన్ని మేం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. ఆశ పుట్టించే అంకె. కానీ పిల్లదానితో సముద్రానికి పోవడానికి కొంటున్నదాన్ని బండల పద్దులో రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

అయితే ఆడిటర్ మాట ఇంకోవైపు ఆలోచన రేపింది. సెలవు వారంలో అయిపోతుంది. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ ఆ కెమెరా బేతంచెర్లలో ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే ముప్పై వేలు కాదు, ఐదు వేలు కూడా దండగ. జవాబు ఉంటే దేన్ని కొనాలో అదే చెబుతుంది.

మా యార్డులో కటింగ్ మిషన్ తిరుగుతున్నంతసేపూ బ్లేడు మీద నీళ్ళు పడుతూనే ఉంటాయి. తెల్లటి రాతిబురద చిమ్ముతుంది, ఆరాక అదే దుమ్మై లేస్తుంది. అక్కడ ఫోన్లు ఎక్కువ కాలం బతకవు. హైదరాబాదు, బెంగళూరు వాళ్ళు కొనేముందు వాట్సాప్‌లో బండ ఫోటో అడుగుతారు. పొడి బండకు ఒక రంగు, నీళ్ళు చల్లితే ఇంకో రంగు. పసుపు ముదురుతుంది, బూడిదరంగు నల్లబడుతుంది. తడి ఫోటో ఒక్కటే పంపి అమ్మేవాళ్ళున్నారు. నేను రెండూ పంపుతాను, లేకపోతే లారీ దిగాక తగువు. నీళ్ళకూ దుమ్ముకూ చెక్కుచెదరని కెమెరా మాకు అండమాన్‌లో కన్నా ఇక్కడే ఎక్కువ అవసరం.

గోప్రో లాంటి యాక్షన్ కెమెరా ఈ పనికి నప్పదు. దాని కన్ను మరీ వెడల్పు, దగ్గరనుంచి తీస్తే బండ అంచులు వంగి కనిపిస్తాయి. సెట్టింగు మార్చి సరిచేయవచ్చు కానీ రాతి గీతను దగ్గరగా చూపించడం దానికి చేతకాదు. ఒలింపస్ టఫ్ టీజీ-6 అనే చిన్న కెమెరా ఒకటుంది. 2019లో వచ్చింది, 12 మెగాపిక్సెళ్ళు, పెట్టె లేకుండా 15 మీటర్లు. సెంటీమీటరు దూరం నుంచి కూడా ఫోటో తీసే మైక్రోస్కోప్ మోడ్ ఉంది. చేపపిల్ల కంటి కోసం పెట్టిందే అనుకోండి, బండలోని సన్న పగులును చూపించడానికీ అదే పనికొస్తుంది. ఒలింపస్ తన కెమెరా వ్యాపారం అమ్మేశాక అదే కెమెరా ఓఎం సిస్టమ్ పేరుతో 2023లో టీజీ-7గా వచ్చింది, అమెరికాలో దాదాపు 550 డాలర్లకు. లెన్సు మారలేదు, సెన్సరు మారలేదు. చార్జింగు రంధ్రం మారింది, ఇంకొన్ని చిల్లర మార్పులు. ఛార్జింగు వైరు కోసం రెట్టింపు ధర ఇవ్వాలనిపించలేదు.

ఇలాంటి కెమెరాలు సెకండ్‌హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి. అందరూ ఒక్క సెలవు కోసం కొని, తర్వాత బీరువాలో పెట్టి, రెండేళ్ళకు అమ్మేస్తారు కాబట్టి. బెంగళూరులో ఒక కుర్రాడు హనీమూన్‌కు వాడిన టీజీ-6ను అమ్ముతున్నాడు. బేరమాడితే 21,500కు వచ్చింది. డబ్బిచ్చే ముందు బ్యాటరీ మూతా, వైరు పెట్టే చోట ఉండే మూతా తీసి చూశాను. సందుల్లో తెల్లటి ఉప్పు పొర ఉందా, రబ్బరు సీలు మీద వెంట్రుకో ఇసుక రేణువో ఇరుక్కుందా, లెన్సు వెనక మసక ఉందా. ఏదీ లేదు. అయినా రబ్బరుకు వయసొస్తుంది. ఏడాదికోసారి సీలు మార్పించుకోమని కంపెనీయే చెబుతుంది. పాత కెమెరాలో తగ్గిన ధరంటే నా లెక్కలో ఆ సీలు మీద అనుమానానికి ఇచ్చిన రాయితీ. కాబట్టి ఆ రాయితీలోంచే 1,800 పెట్టి సీళ్ళు మార్పించాను. అదనపు బ్యాటరీ 900, 64 జీబీ కార్డు 600, చేయి జారినా మునిగిపోకుండా తేలే పట్టీ 450. అంతా కలిపి 25,250.

బంధువుల తోటలోని బావిలో తాడు కట్టి రెండు నిలువుల లోతుకు వదిలి కాసేపుంచి లాగాం. మూతలు పూర్తిగా తుడిచి, ఆరాక తెరిస్తే లోపల తడి లేదు. సముద్రానికి ముందు మంచినీళ్ళలో చూసుకోవడం మేలు. మంచినీరు పాడుచేసినా ఆరబెట్టుకోవచ్చునేమో, ఉప్పునీరు దిగితే మాత్రం సర్క్యూట్‌ను తినేస్తుంది.

మిగిలిన 4,750ని మా ఆవిడ లెక్కపెట్టి తీసుకుంది. తర్వాత తనే ఆ డబ్బుకు ఒక దారి చూపింది, పాపతో డైవింగ్ చేయించమని. ఒకరి డైవింగ్‌కు దాదాపు అంతే అవుతోంది. చాలాచోట్ల డైవింగ్‌తో పాటు వాళ్ళే ఫోటోలూ వీడియోలూ తీసి ఇస్తారు కాబట్టి మా కెమెరా ఏడు నిలువుల లోతుకు దిగాల్సిన పనే లేదు. 15 మీటర్ల కెమెరాను రెండు మీటర్లలోనే వాడాం. పాత సీలుకు అంతకన్నా మంచి బీమా నాకు తోచలేదు.

అండమాన్‌లో మేం పోయిన హావ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడి ఎలిఫెంట్ బీచ్‌లో మమ్మల్ని నీళ్ళలోకి తీసుకుపోయినాయన శ్రీకాకుళం వాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. ఆయన చెప్పిన రెండు మాటలు ఏ ప్రకటనలోనూ కనిపించవు. పడవలో ఎండకు కెమెరాను పడేసి ఉంచి ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే లెన్సు లోపలివైపు ఆవిరి పడుతుంది, తడిగుడ్డ కప్పి ఉంచండి అన్నాడు. ఫ్లాష్ వేయొద్దు, నీళ్ళలో తేలే నలుసులన్నీ తెల్ల చుక్కలై ఫోటోలో పడతాయి అన్నాడు. లోతుకు పోయేకొద్దీ నీరు మొదట మింగేది ఎరుపునే, ఐదారు మీటర్ల కింద ఎరుపు దాదాపు కనిపించదు. మేం ఉన్న పైనీళ్ళలో ఎండే సరిపోయింది. రంగుల కోసం ఎర్ర ఫిల్టర్లు కొననందుకు ఇంకో వెయ్యి మిగిలింది. ఫోటోల్లో సగం మసకే, చేపలు మనకోసం ఆగవు. పగడాలు కూడా ప్రకటనల్లో ఉన్నట్టు అన్నిచోట్లా మెరవలేదు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి, ఆ నష్టాన్ని ఏ కెమెరా పూడ్చలేదు. పాప ఒడ్డున దొరికిన చిన్న పగడం ముక్క దాచుకోబోయింది. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులికున్న రక్షణే వాటికీ. ఫోటో తీయించి అక్కడే వదిలించాను.

ఇప్పుడు ఆ కెమెరా యార్డులో కటింగ్ మిషన్ పక్కనే మేకుకు వేలాడుతూ ఉంటుంది. బురద పడితే కుళాయి కింద కడిగి మళ్ళీ తగిలిస్తాం. మేం కోసే ఈ సున్నపురాయి కూడా కోట్ల ఏళ్ళ కిందట ఒక సముద్రం అడుగున పేరుకున్నదే, కాబట్టి కెమెరాకు పని మారలేదని మా పాప అంటుంది. దాన్ని మొదట కొన్న కుర్రాడికి సెలవు ముగియగానే దాని పని అయిపోయింది. నాకు మాత్రం పెట్టిన పాతిక వేలు నెలనెలా కొంచెం కొంచెం కరిగి, రోజుకింతని చెప్పుకోవడానికి వీల్లేనంత చిన్న మొత్తంలోకి వచ్చాయి.

మొన్న మా బామ్మర్ది వచ్చి, స్నేహితులతో లక్షద్వీప్ పోతున్నాను, కెమెరా ఇయ్యి బావా అన్నాడు.

"సీలు మార్చి ఏడాదైంది. పద్దెనిమిది వందలిచ్చి, మార్పించుకుని తీసుకుపో" అన్నాను.

"సొంత బామ్మర్దికి కూడా బాడుగేనా బావా?"

"బాడుగ యాడిదబ్బా, రబ్బరు ఖర్చు."

వాళ్ళక్క వైపు చూశాడు. ఆమె తమ్ముడని చూడకుండా ముందు డబ్బు ఫోన్‌పే చేయించుకుని, తర్వాతే మేకు మీంచి కెమెరా తీసి చేతికిచ్చింది.