అంబర్‌పేటలో నా ఫిడేలు

1980లో 'శంకరాభరణం' వచ్చాక మా ఆఫీసులో ముగ్గురం సంగీతంలో పడ్డాం. ఒకాయన మృదంగమన్నాడు, రెణ్ణెల్లకి మానేశాడు. ఇంకొకాయన గాత్రమన్నాడు, భార్య మాన్పించింది. మిగిలింది నేనూ, నా ఫిడేలూ. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్లు. అంబర్‌పేటలో రెండు గదుల అద్దెవాటా, చిక్కడపల్లిలో మాస్టారు. పెట్టె పట్టుకుని బస్సెక్కితే కండక్టరు "ఏంది సారూ, అండ్ల తుపాకి ఉందా?" అనేవాడు.

మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మూడు కాలాల్లోనూ వాయించమన్నారు మాస్టారు. నాకా ఓపికేదీ? సినిమాపాట కోసం వచ్చినవాణ్ణాయె! "బాలుగారు శాస్త్రీయం పద్ధతిగా నేర్చుకోకుండానే పాడలేదుటండీ?" అన్నాను. "పుహళేందిగారు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పితే, ఆయన కష్టపడి సాధించి పాడాడు. నువ్వు రికార్డే విన్నావు, ఆ కష్టం వినలేదు" అన్నారాయన. విని ఊరుకున్నాను.

రెండేళ్లకి ఒక ఆర్కెస్ట్రావాళ్లు (పేరెందుకు లెండి) త్యాగరాయ గానసభలో ప్రోగ్రాముకి పిలిచారు. రెండో చరణం ముందు ఫిడేలు బిట్టు నాది. పట్టుమని పన్నెండు సెకన్లు! నెల్లాళ్లు రోజూ గంటసేపు వాయించాను. తీరా స్టేజీమీద మూడో సంగతి దగ్గర వేళ్లు బిగుసుకుపోయాయి. ఫ్లూటాయన అందుకుని గట్టెక్కించాడు. జనం గమనించారో లేదోగానీ, పాడుతున్నావిడ తిరిగి చూసిన చూపుంది చూశారూ... పోనీండి.

మర్నాడు పొద్దున పక్కవాటా కుర్రాడు పళ్లు తోముకుంటూ ఆ బిట్టే కూనిరాగం తీస్తున్నాడు. సరిగ్గా మూడో సంగతి దగ్గర ఆగాడు. మళ్లీ మొదటికొచ్చాడు. మళ్లీ అక్కడే ఆగాడు! పాపం, వాడు పాటే అంత అనుకున్నాడు.

మాస్టారికి చెబితే నవ్వలేదు. "తప్పినప్పుడల్లా ఏం చేసేవాడివి?" అన్నారు.

"మొదట్నించీ వాయించేవాణ్ణండీ."

"అంటే వచ్చిన ముక్కని, తప్పునీ కలిపి సాధకం చేశావన్నమాట."

అప్పట్నించీ ఆ ఒక్క అతుకే పట్టుకున్నాను. ముందు రెండు స్వరాలు, వెనక రెండు. శ్రుతిపెట్టె పెట్టుకుని, తాళం వేలుకొక్క స్వరం చొప్పున. వరసగా అయిదుసార్లు శుభ్రంగా పలికితేనే కాస్త వేగం. ఆరోసారి తప్పితే మళ్లీ నిదానమే. అంతకుముందు పది నిమిషాలు ఉత్త తీగెమీద కమాను నిలకడగా లాగడం. ఆదివారం మూడు గంటల మోతకి స్వస్తి చెప్పి, రోజూ తెల్లారి అరగంట. ఇంటిగలావిడ నిద్ర పాడవుతోందంటే బ్రిడ్జికి బట్టల క్లిప్పు తగిలించాను. నాదం సగం చచ్చింది, ఆవిడ నోరూ మూతబడింది.

ఎండాకాలం చివర్లో ఒక పొద్దున గోడవతల కుర్రాడు ఆ సంగతి దాటి, ఎక్కడా ఆగకుండా చరణంలోకి వెళ్లిపోయాడు. కమాను ఆపి విన్నాను. ఆర్కెస్ట్రావాళ్లు మాత్రం మళ్లీ పిలవలేదు.