ఏ ఒడ్డున దిగాలి?

వేసవి సెలవుల్లో సముద్రపు ఒడ్డున నాలుగు రోజులు గడపాలని శ్రీలంక బయల్దేరే తెలుగు కుటుంబాల్లో బస గురించిన ఆలోచన గదితోనే మొదలై గదితోనే ముగుస్తుంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా, పొద్దుటి టిఫిన్ అద్దెలోనే కలిసి ఉందా, స్విమ్మింగ్ పూల్ ఎంత పెద్దది, హోటల్‌కు ఎన్ని స్టార్లు? ఇవన్నీ అడగవలసినవే. అయితే వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. దిగబోయే ఊరు ఆ ద్వీపానికి ఏ పక్కన ఉంది, మనం వెళ్లే నెలలో గాలి ఎటు నుంచి వీస్తుంది? మే, జూన్ నెలల్లో సముద్రం కోసం వెళ్లేవాళ్లు తూర్పు తీరంలోనే దిగాలని నా వాదన. గది ఎంత బాగున్నా, ఎంత చౌకగా దొరికినా, ఆ రోజుల్లో నైరుతి తీరాన సముద్రస్నానం కోసం బస చేయడం డబ్బు దండగ. పిల్లలు వెంట ఉంటే అపాయం కూడా.

మన బడుల సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా సాగుతాయి. నైరుతి రుతుపవనం శ్రీలంకను తాకేది సరిగ్గా ఆ రోజుల్లోనే. బెంటోటా, హిక్కడువ, గాలే, మిరిస్స అని మనం పేర్లు వినే బీచ్‌లన్నీ ఆ గాలికి ఎదురొడ్డి ఉన్నవే. ఒక్క మే నెలలోనే కొలంబోలో సగటున 300 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అదే నెలలో తూర్పు తీరాన ఉన్న ట్రింకోమలీలో అందులో నాలుగో వంతు కూడా పడదు. కారణం ద్వీపం నడుమనున్న కొండలు. వాటిలో ఎత్తైన పిదురుతలాగల శిఖరం 2,524 మీటర్లు. గాలి పడమటి వాలు ఎక్కుతూ ఎక్కుతూ తేమంతా అటే కురిసేసి, తూర్పు వాలు దిగేటప్పటికి పొడిబారి వేడెక్కుతుంది. అక్కడి తమిళులు దాన్ని కచ్చాన్ గాలి అంటారు. అది నేల మీదుగా వచ్చి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి ఒడ్డు దగ్గర అల పెద్దగా లేవదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: గాలి ఊదిన ట్యూబుల మీద పిల్లల్ని నీళ్లలోకి వదిలితే ఆ గాలే వాళ్లను లోపలికి తోసుకుపోతుంది.

‘వానాకాలమైతే ఏం, ఓ గంట కురిసి వెలుస్తుంది, తర్వాత ఎండే కదా’ అనేవాళ్లున్నారు. వాన విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. చిక్కు వానతో కాదు, అలతో. ఎక్కడో దక్షిణ సముద్రంలో పుట్టిన పెద్ద అలలకు ఈ నైరుతి గాలి తోడై, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు కూడా అవి ఒడ్డును బాదుతూనే ఉంటాయి. పైన నీలాకాశం, కింద ఇసుకలో పాతిన ఎర్రజెండా ఒకేసారి కనిపించడం అక్కడ వింత కాదు. ఒడ్డుకు వచ్చి పడిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా. అది ఇసుకలో ఎక్కడో ఓ పల్లపు దారి చేసుకుని, సన్నని పాయగా, వేగంగా వెనక్కి లాగుతుంది. ఆ పాయ ఉన్నచోట నీళ్లు లోతు, అందుకే అక్కడ అల విరగదు, నురగ ఉండదు. అటూ ఇటూ అలలు ఎగసిపడుతుంటే మధ్యలో ఆ ముక్క ఒక్కటే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. దానికి ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు మళ్లాలి. విశాఖ ఆర్కే బీచ్‌లోనూ బాపట్ల దగ్గర సూర్యలంకలోనూ ఎన్ని ఇళ్లలో ఇలాంటి దుఃఖం మిగిలిందో తెలిసినవాళ్లం, పరాయి దేశంలో దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

ఏ నెలకు ఏ తీరమన్న ఈ లెక్క వాతావరణ శాఖ పటాల్లో మాత్రమే ఉన్నది కాదు, అక్కడ సముద్రం మీద బతికేవాళ్లందరి బతుకులోనూ ఉంది. నెగొంబో, చిలావు ప్రాంతాల జాలర్లలో చాలామంది నైరుతి గాలి మొదలయ్యే వేళకు పడవలు, వలలు సర్దుకుని తూర్పు తీరానికి తరలిపోతారు. ఇసుక మీద కొబ్బరాకులతో తాత్కాలికంగా గుడిసెలు వేసుకుంటారు. ఆ మకాములను వాడియలంటారు. ఈశాన్య గాలి మొదలయ్యేసరికి మళ్లీ ఇంటిదారి పడతారు. తరతరాలుగా సాగుతున్న వలస ఇది. తిమింగలాలు చూపించే పడవలదీ ఇదే తీరు. మిరిస్సలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాటికి గిరాకీ, ఆ తర్వాత నీలి తిమింగలాలను చూడాలంటే ట్రింకోమలీ వెళ్లాల్సిందే. ఏ నెలలో ఏ ఒడ్డున ఉండాలో కూటికోసం సముద్రాన్ని నమ్ముకున్నవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఇంత తేటగా ఉన్న విషయం మన దాకా ఎందుకు రాదంటే, గదులు అమ్మే యాప్‌లో నెల కనిపించదు. ఫోటో జనవరిలో తీసింది. పది మార్కులకు తొమ్మిది వేసినవాళ్లలో ఎక్కువమంది చలికాలంలో వెళ్లొచ్చిన యూరప్‌వాళ్లు. మే నెలలో ఆ గది సగం ధరకు దొరికితే మనం అదృష్టం అనుకుంటాం. కానీ ధర తగ్గడమే సముద్రం గురించి హోటల్ మనకు చెబుతున్న సమాచారం. అందుకని రివ్యూలు చదివేటప్పుడు మొత్తం మార్కులు పక్కనపెట్టి, మే, జూన్ నెలల్లో బస చేసినవాళ్లు రాసినవి మాత్రం వెతికి చదవాలి. వాటిలో స్విమ్మింగ్ పూల్ పొగడ్తే తప్ప సముద్రం ఊసు లేకపోతే సంగతి అర్థమైనట్టే. థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పుకెట్ నైరుతి గాలికి ఎదురుగా ఉంది, గల్ఫ్ వైపున్న సముయి ఆ నెలల్లో చాలా నెమ్మది. సంక్రాంతి సెలవులకైతే శ్రీలంకలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అప్పుడు తూర్పున వానలు, నైరుతి తీరాన హాయి.

తూర్పు తీరం దూరమన్నది బలమైన అభ్యంతరమే. కొలంబో నుంచి గాలేకు ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు గంటల్లో చేరిపోవచ్చు. ట్రింకోమలీకి రోడ్డు మీద దాదాపు 260 కిలోమీటర్లు, తక్కువలో తక్కువ ఐదారు గంటలు. అయితే నేరుగా కొలంబో నుంచి పోవాలన్న నియమం ఏముంది? మన ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే ప్యాకేజీల్లో కాండీ, నువారా ఎలియా అయ్యాక బెంటోటాలో దింపడం ఏడాది పొడవునా మామూలు. బెంటోటాను తీసేసి, కాండీ నుంచి దంబుల్లా, సిగిరియా చూసుకుని హబరణ మీదుగా తూర్పుకు దిగితే, హబరణ నుంచి ట్రింకోమలీ రెండు గంటలు కూడా పట్టదు. సిగిరియా కొండమీది కోట చూసిన మర్నాడు సముద్రంలో ఉంటారు. తిరిగివచ్చేటప్పుడు మాత్రం తెల్లవారుజామున విమానం పెట్టుకుని ఆ రాత్రంతా కారులో ప్రయాణం చేయొద్దు. విమానాశ్రయం నెగొంబో పక్కనే ఉంది, చివరి రాత్రి అక్కడ పడుకోవడం మంచిది. ఇక శాకాహారుల భయం: ట్రింకోమలీ తమిళ హిందువులు ఎక్కువగా ఉన్న ఊరు, ఇడ్లీ, దోసె, ఇడియాప్పం, సాంబారు వెతుక్కోనక్కర్లేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండకొమ్మున కోణేశ్వరస్వామి ఆలయముంది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి పీఠం అక్కడిదేనని మనవాళ్ల నమ్మకం. జోగులాంబనూ మాణిక్యాంబనూ దర్శించుకున్నవాళ్లకు ఆ ఒక్క కారణం చాలు.

ఎండ మాత్రం ఉంటుంది, దాచడమెందుకు. మధ్యాహ్నాలు 34, 35 డిగ్రీలు, పైగా ఆ పొడిగాలి. అందుకే అక్కడ గది ఎంచుకునేటప్పుడు సముద్రం కనిపిస్తుందా అని కాక, చెట్లున్నాయా, నీళ్ల దాకా వట్టి కాళ్లతో నడిచిపోవచ్చా, మధ్యలో రోడ్డు దాటాలా అని అడగాలి. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత సముద్రం. మధ్యలో నీడ, నిద్ర. రోడ్డు అవతలి హోటల్‌కు అద్దె కాస్త తగ్గుతుందేమో గానీ, తడిబట్టలతో ఉన్న చిన్నపిల్లల్ని రోజుకు నాలుగుసార్లు రోడ్డు దాటించే శ్రమ తల్లులకే తెలుసు.

‘మాకు ఈత రాదు, నీళ్లలో దిగం, చూస్తూ కూర్చుంటే చాలు’ అనే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. నా వాదన నిలవనిది వాళ్ల దగ్గరే అని ఒప్పుకుంటాను. ఎగసిపడే అలను వరండాలోంచి చూడటం కూడా గొప్ప సుఖమే. అలాంటివాళ్లు గాలే కోటలోనే దిగవచ్చు. 1988లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ కోటలో పాత డచ్చి ఇళ్లు, ప్రాకారం మీద నడక, వాన పడితే తలదాచుకోను అరుగులు ఉన్నాయి. కాకపోతే అప్పుడు ఇసుక మీది హోటల్‌కు ఎక్కువ డబ్బు పోయడంలో అర్థం లేదు. అయినా పిల్లలున్న ఇంట్లో ‘దిగం’ అన్న మాట రెండోరోజు దాకా నిలబడటం కష్టం.

తూర్పున దిగాలని నిర్ణయించుకున్నాక కూడా ఊళ్లన్నీ ఒకటి కావు. ఆరుగం బే అలల మీద సర్ఫింగ్ చేసే కుర్రకారుకు. ట్రింకోమలీకి 15 కిలోమీటర్ల దూరంలోని నిలావెలి నిశ్శబ్దం కోరేవాళ్లకు. అక్కణ్ణించి పడవలో కాసేపట్లో పావురాల దీవి చేరి, నీళ్లలో తల ముంచితే పగడపు దిబ్బల మీద చేపలు కనిపిస్తాయి. ఊరికి దగ్గరగా, గుడికీ బజారుకూ ఆటోలో పోయేలా ఉండాలంటే ఉప్పువెలి. చిన్నపిల్లలకు పాసికుడాను మించింది లేదు. అక్కడ లోపలికి చాలా దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు. అయితే చుట్టూ ఊరనేది పెద్దగా లేదు, తిండికి హోటల్ మీదే ఆధారపడాలి, ఆ ధరలు ఎక్కువ. నాయనమ్మ, అయిదేళ్ల మనవడు, అమ్మానాన్నా కలిసి వెళ్లే ఇంటికైతే నేను ఉప్పువెలికే ఓటేస్తాను. పాసికుడా అంత లోతు తక్కువ కాకపోయినా, ఒక్కొక్కరికి కావలసింది ఒక్కొక్కటి అక్కడ అందుబాటులో ఉంది. మే పున్నమికి వెసాక్ పండుగ, ఆ వారం స్థానికులే గదులన్నీ నింపేస్తారు. తేదీలు ఖరారు చేసేముందు పంచాంగం చూసుకుని, ఆ రోజులను తప్పించుకోవడం మేలు.