చేతులతో మాట్లాడే బడి

పిల్లలూ! ఈ నెల మిమ్మల్ని మా కర్నూలు నుంచి అనంతపురం తీసుకువెడతాను. దూరం దాదాపు 150 కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సెక్కితే డోన్ దాటేసరికి ఎండ చురుక్కుమంటుంది. దారికి రెండు వైపులా బోడిగుట్టలు, వేరుసెనగ చేలు. గుత్తి కొండమీది కోట చాలా దూరం మన వెంటే వస్తున్నట్టుంటుంది. పామిడి దగ్గర పెన్నానది వస్తుంది. నది అన్నాను గదా అని నీళ్ళకోసం వెతకకండి. ఏడాదిలో చాలా రోజులు అక్కడ ఇసకే!

అనంతపురంలో ఏడాదికి 55 సెంటీమీటర్ల వాన పడితే గొప్ప. ఈ కరువుసీమకు 1969లో స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ వచ్చి 'రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్' స్థాపించాడు. ఊళ్ళలో ఆయనను 'ఫాదర్' అనేవారు. 2009లో చనిపోయేదాకా ఆయన ఈ సీమను విడవలేదు. కళ్ళు కనిపించని పిల్లలకు, చెవులు వినిపించని పిల్లలకు ఆ సంస్థ తిండీ వసతీ ఇచ్చి చదివించే బడులు పెట్టింది. ఉద్యోగం విరమించిన 2018లో నేను వినికిడి లేని పిల్లల బడి చూడబోయాను. అందుకొక కారణం ఉంది.

భోజనాలవేళకు చేరాను. అంతా నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. అబ్బే! కంచాలూ గ్లాసులూ ఠంగుమని మోగుతున్నాయి. ఆ చప్పుడు వాళ్ళకు వినపడదు గనక తగ్గించాలని తోచదు. ఒక పిల్ల కుడిచేత్తో అన్నం కలుపుకుంటూనే, ఎడమచేత్తో అవతలి పంక్తి చివరనున్న స్నేహితురాలికి ఏదో చెప్పింది. ఇద్దరూ పకపక నవ్వారు. అంత దూరం మనమైతే అరవవలసిందే!

పుట్టుచెవుడున్న బిడ్డకు నాలుకలోగాని, గొంతులోగాని లోపం ఉండనక్కరలేదు. మనం విన్నమాటనే పలుకుతాం. విననిమాట ఎట్లా పలకడం? అందుకని వాళ్ళు చేతులతో, ముఖంతో మాట్లాడతారు. ఆకలి, దాహం చూపించే సైగలే అనుకునేరు! ఆ భాషకూ వ్యాకరణం ఉంది. 2018లోనే భారతీయ సంజ్ఞాభాషకు 3,000 మాటలతో నిఘంటువు వచ్చింది. 2021 నాటికి అది 10,000 మాటలకు పెరిగింది.

"పసివాళ్ళను ఇంటిదగ్గరే ఉంచి నేర్పకూడదా?" అని మీ అమ్మ అడుగుతుంది. నేనూ అడిగాను. కాని ఊరంతటికీ అట్లాంటి పిల్లవాడు ఒక్కడే అయితే, వాడు ఎవరితో మాట్లాడాలి? నికరాగువా అనే దేశంలో 1977 తర్వాత అట్లాంటి పిల్లలను ఒక బడిలో చేర్చారు. అప్పటిదాకా ఎవరింట్లో వారు ఏవో నాలుగు సైగలతో గడుపుకున్నవాళ్ళే. పదిమందీ ఒకచోట చేరేసరికి, పెద్దలెవరూ నేర్పకుండానే ఆటస్థలంలో ఒక కొత్తభాష పుట్టించారు!

ఇక నా కారణం చెబుతాను. 1985లో నేను కొత్తగా పనిచేసిన బడిలో ఒక చెవిటి కుర్రవాడుండేవాడు. చెప్పినమాట వినడంలేదని రెండుసార్లు కొట్టాను కూడా. తర్వాత వెనుక వరసలో కూర్చోబెట్టి, బోర్డు తుడవడానికి పెట్టుకున్నాను. బోర్డుమీదిది ఒక్క అక్షరం పోకుండా ముత్యాల్లా రాసేవాడు. అయినా మందమతి అనే అనుకున్నాను. దసరా సెలవుల తర్వాత రాలేదు. గొర్రెల వెంట వెళ్తున్నాడన్నారు. నేను వాళ్ళింటికి వెళ్ళి అడగలేదు.

అనంతపురం పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక సైగపేరు ఉంది. బుగ్గమీద పుట్టుమచ్చ ఉన్నవాడికి బుగ్గ తాకడమే పేరు. నాకు మీసం మెలిపెట్టడం పేరుగా పెట్టి, చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఆడించారు. అప్పుడొక పిల్ల ఏదో అడిగింది. పంతులమ్మ నాకు తెలుగులో చెప్పింది: "మీ బడిలో మాలాంటివాళ్ళు ఉండేవారా?"

ఒక వేలు చూపించాను.

"అతని సైగపేరేమిటి?"

హాజరుపట్టీలో అతనికి చక్కని పేరుంది. పిలిచినా వినపడదు గదా అని ఎవరమూ పిలవలేదు. సైగపేరు సంగతి మాకెవరికీ తెలియదు. ఏం చెప్పాలో తోచక, గాలిలో బోర్డు తుడుస్తున్నట్టు చెయ్యి ఆడించాను.

ఆ పిల్ల అచ్చం అట్లాగే చేసి, పక్కవాళ్ళకు చూపించింది.