కుంజుమ్ దారిలో మూడు రకాల టైర్లు

హైదరాబాద్ నుంచి సొంత బండిలో స్పితి లోయకు వెళ్దామనుకునేవాళ్లు బట్టల సంగతి, మందుల సంగతి తర్వాత చూసుకుంటారు. ముందు టైర్ల మీద వాదన మొదలవుతుంది. మా ముగ్గురిదీ అదే తంతు. నాది థార్, 16 అంగుళాల రిమ్ము. కంపెనీ ఇచ్చిన టైర్లు అరిగిపోయాక ‘ఎల్‌టీ’ రకం ఆల్ టెరైన్ వేయించాను. లైట్ ట్రక్కుల కోసం చేసే గట్టి నిర్మాణం దానిది. మా బావది జిమ్నీ. షోరూములో బండితో పాటు వచ్చిన హైవే టైర్లతోనే వస్తానన్నాడు. నిజామాబాద్ డాక్టరు గారిది స్కార్పియో-ఎన్, 18 అంగుళాల రిమ్ము. ఆయన ఈ యాత్ర కోసమే కొత్త ఆల్ టెరైన్ టైర్లు కొన్నారు. పెద్ద పెద్ద బ్లాకులు, వాటి మధ్య లోతైన కాలువలు, పక్కన తెల్లటి అక్షరాలు. పెట్రోలు బంకులో కుర్రాళ్లు ఆయన బండి దగ్గరే ఫొటోలు దిగారు.

“బావా, ఆ సైకిలు టైర్లతో కుంజుమ్ కనుమ ఎక్కుతావా?” అన్నాను.

“నా బండి బరువెంత, నీ బండి బరువెంత బావా?” అని మాత్రం అన్నాడు. ఆ మాట నాకు స్పితి దారిలో బాటల్ దాటాక గుర్తొచ్చింది.

ఈ టైర్లలో మూడు జాతులున్నాయి. హెచ్‌టీ అంటే హైవే రకం, ఎంటీ అంటే బురద రకం, ఈ రెండింటికీ మధ్యన ఏటీ, అంటే ఆల్ టెరైన్. అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీ 1976లో తెచ్చిన రేడియల్ టైరుతో ఈ మధ్యరకానికి పేరొచ్చింది. ఇప్పుడు మన దగ్గర యోకోహామా జియోలాండర్, సియట్ జార్, అపోలో ఆప్టెర్రా, ఎమ్మారెఫ్ వాండరర్ పేర్లతో రకరకాలు దొరుకుతున్నాయి. మా ముగ్గురి బళ్లకున్నవి ఏ కంపెనీవో రాయను. చెప్పదలచింది కంపెనీ గురించి కాదు.

ఆదిలాబాద్ దాటుతుండగా వాన పట్టుకుంది. టీ కోసం రోడ్డు దిగి పత్తి చేల పక్కన పది గజాలు వెళ్లామో లేదో, ఆల్ టెరైన్ గొప్పతనం అక్కడే తేలిపోయింది. తడిసిన నల్లరేగడి గారెల పిండిలా టైరుకు అంటుకుని, బ్లాకుల మధ్య కాలువలన్నీ పూడ్చేసింది. రెండు చుట్లు తిరిగేసరికి నా టైరు, డాక్టరు గారి టైరు, బావ టైరు మూడూ ఒకటే నున్నన. ఫోర్ వీల్ వేసి బయటపడ్డాం. ఆ మట్టిలో పని ఎంటీ టైరుది. దాని కాలువలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి చక్రం తిరిగే ఊపుకు మట్టి ఊడిపోతుంది. ఏటీ వేయించుకున్నంత మాత్రాన వర్షాకాలంలో చేను గట్ల మీద తిరగొచ్చనుకునే మన రైతు కుటుంబాల కుర్రాళ్లు ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే ట్రాక్టరు పిలిపించే ఖర్చు తప్పుతుంది.

మరి ఎంటీ టైర్లే వేసుకుని రావచ్చుగా? మనాలికి రెండు వేల కిలోమీటర్లకు పైగా తారు రోడ్డు, కాంక్రీటు రోడ్డు. నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, చండీగఢ్. అంత దూరం ఎంటీ టైర్ల హోరు భరించాలంటే చెవులు మొద్దుబారాలి. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆ పెద్ద బ్లాకులు ఆలస్యంగా పట్టుకుంటాయి. నా ఎల్‌టీ టైర్లకే గంటకు 90 దాటాక సన్నగా ఊళ మొదలవుతుంది. హైవే టైరు కన్నా ఒక్కోటి నాలుగైదు కిలోలు బరువెక్కువ. ఆ బరువు తిప్పడానికి ఇంజనుకు డీజిలు కావాలి, ఆపడానికి బ్రేకుకు శ్రమ కావాలి. లీటరుకు ఒక కిలోమీటరు దాకా తగ్గిందని నా లెక్క. బావ మాత్రం జిమ్నీలో పాత ఘంటసాల పాటలు వింటూ హాయిగా వచ్చాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు మన బండి తిరిగేది ఇలాంటి రోడ్ల మీదే కదా. టైరు కొనేటప్పుడు ఈ రోజుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందరి కళ్ల ముందూ కొండవాగు దాటే ఆ ఒక్క వీడియోనే ఉంటుంది.

మనాలి నుంచి పొద్దున్నే బయల్దేరాం. 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగం తొమ్మిది కిలోమీటర్ల పొడవు. రోహ్‌తంగ్ ఎక్కే పని లేకుండా అవతల లాహుల్‌లో దింపుతుంది. అక్కడి నుంచి కోక్సర్ మీదుగా గ్రంఫూ చేరితే, లేహ్ వైపు వెళ్లే మంచి రోడ్డుకు సెలవు. చంద్రా నది ఒడ్డునే బాటల్ దాకా సుమారు 50 కిలోమీటర్లు. జాతీయ రహదారి అని నంబరుంది కానీ అది హిమానీనదాలు తెచ్చి పారబోసిన రాళ్ల గుట్టల మీద బళ్లు తొక్కి తొక్కి ఏర్పరచిన బాట. గుండ్రటి రాళ్లు, మధ్య మధ్య ఈమధ్యే కొండ మీంచి విరిగిపడిన కత్తిలాంటి పలకలు. గంటకు పదో పన్నెండో కిలోమీటర్లు. ఎడమా కుడీ చూస్తే మంచు శిఖరాలు, వాటి మీంచి జారే నీటి గీతలు. డ్రైవింగు సీట్లో కూర్చున్నవాడికి మాత్రం ముందు చక్రం కింద రాయి తప్ప మరేదీ కనబడదు.

గ్రంఫూ దగ్గర నేను టైర్లలో గాలి తీశాను. 22 పాయింట్లకు (పీఎస్ఐ) దించాను. గాలి తగ్గితే టైరు మెత్తబడి, నేలను తాకే భాగం ముందుకూ వెనక్కూ సాగుతుంది, రాయిని కొట్టుకోకుండా దాని మీద ఒదిగి కూర్చుంటుంది. లోపల కూర్చున్నవాళ్ల నడుములు కూడా నిలుస్తాయి. టైరు కంపెనీలు చెప్పే ట్రెడ్ డిజైను గొప్పలన్నీ ఒక ఎత్తు, ఈ పైసా ఖర్చు లేని పని ఒక ఎత్తు. డాక్టరు గారు చూసి, “నువ్వెంత పెట్టావు తమ్ముడూ?” అని అడిగి తానూ 22 పెట్టుకున్నారు. బావ గాలి జోలికే పోలేదు.

ఛత్రూ దాటాక నాలాలు మొదలయ్యాయి. పైన మంచు కరిగిన నీరు రోడ్డుకు అడ్డంగా పారి చంద్రలో పడుతుంది. పొద్దున మోకాలి కిందికి ఉన్న నీళ్లు ఎండ ముదిరాక తొడ దాకా వస్తాయి. అక్కడ నీటి అడుగున నున్నటి గుండ్రాళ్ల మీద ఏటీ టైరు నిజంగానే పనికొచ్చింది. బ్లాకుల మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలుంటాయి. తడి రాయి మీద అంచులు విచ్చుకుని పట్టు ఇచ్చేవి అవే. ఎంటీ టైర్లలో ఈ చీలికలు తక్కువ, అందుకే తడి బండ మీద అవి జారతాయి. నా బండి, డాక్టరు గారి బండి తొణక్కుండా దాటాయి. జిమ్నీ ఒకచోట మధ్యలో చక్రాలు తిప్పుకుంటూ ఆగింది. బావ వెనక్కి ఒక గజం తీసుకుని, గేరు తక్కువలో పెట్టి, కొంచెం పక్కనుంచి ఎక్కించాడు. అంతకు మించి ఏమీ కాలేదు.

బాటల్ ధాబాలో రాజ్మా చావల్ తింటుండగా స్పితిలోని కాజాకు చెందిన బొలెరో డ్రైవరొకాయన మా బళ్ల చుట్టూ తిరిగి చూశాడు. ఆయన బండికి మామూలు టైర్లు, అందులో రెండు సగం అరిగినవి. మేం అడగకుండానే హిందీలో, “టైరు సంగతి వదిలెయ్యండి సాబ్, టైము చూసుకోండి. పది లోపు నాలాలు దాటినవాడికి ఏ టైరైనా ఒకటే” అన్నాడు. కాదనడానికి లేదు, ఎందుకంటే మా ముందు నుంచే హిమాచల్ ఆర్టీసీ బస్సు నిండా జనంతో కాజా వైపు వెళ్లిపోయింది. దానికి ఏ ఆల్ టెరైనూ లేదు, తెల్ల అక్షరాలూ లేవు.

బాటల్ వంతెన దాటి కుంజుమ్ ఎక్కే మలుపుల్లో డాక్టరు గారి బండి వెనక చక్రం ఒక పలక అంచు మీద దబ్బున పడింది. గాలి పోలేదు. దిగి చూస్తే సైడ్‌వాల్ మీద కోడిగుడ్డంత ఉబ్బు. లోపలి దారాలు తెగాయన్నమాట. పంక్చరు వేసేది కాదు, నడిపేదీ కాదు.

స్టెప్నీ మార్చడానికి టైరు విప్పాక మీద రాసిన అక్షరాలు తీరిగ్గా చదివాం. ప్రతి టైరు సైడ్‌వాల్ మీద అది ఎన్ని పొరలతో చేశారో అచ్చు వేసి ఉంటుంది. ట్రెడ్‌లో ఇన్ని పాలిస్టర్, ఇన్ని స్టీలు, సైడ్‌వాల్‌లో ఇన్ని అని. డాక్టరు గారి టైరుకు సైడ్‌వాల్‌లో రెండే పొరలు, బావ హైవే టైరుకున్నన్నే. నా దానికి మూడు. బ్లాకుల లోతు చూసి మనం గట్టి టైరనుకుంటాం. రాయి కోసేది ట్రెడ్‌ను కాదు, పక్కగోడను. కొలతలు చూడండి. నా టైరు 245/75 ఆర్ 16. వెడల్పులో 75 శాతం అంటే రిమ్ముకూ నేలకూ మధ్య 184 మిల్లీమీటర్ల రబ్బరుంది. ఆయనది 255/60 ఆర్ 18, అంటే 153 మిల్లీమీటర్లే. బావది 195/80 ఆర్ 15, లెక్క వేస్తే 156. పెద్ద రిమ్ము చూపుకు అందంగా ఉంటుంది, కానీ ఆ అందం రబ్బరు తగ్గించి తెచ్చుకున్నదే. దానికి తోడు మనుషులూ సామానూ కలిపి రెండు టన్నులు దాటిన బండి. నా బండికి సరిపోయిన 22 పాయింట్లు ఆయన బండికి తక్కువ. రాయికీ రిమ్ముకూ మధ్య టైరు నలిగింది. అంతే రబ్బరున్న జిమ్నీ మాత్రం చెక్కుచెదరలేదు. అది ఖాళీగా ఉంటే 1,200 కిలోలే తూగుతుంది. బావ హైదరాబాద్‌లో అన్న మాటకు అర్థం అదీ.

స్టెప్నీతో ఇంకో చిక్కు వచ్చింది. షాపువాడు నాలుగు టైర్లే మార్చాడు. ఐదోది పాత హైవే టైరు, సగం అరిగింది. అంచేత దాని చుట్టుకొలత వేరు. ఫోర్ వీల్‌లో ముందూ వెనకా ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి. చక్రాల సైజులు కలవకపోతే గట్టి రోడ్డు మీద ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. వదులు మట్టి మీదైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. మామూలు రోడ్డు మీద బండిని నడిపేవి వెనక చక్రాలే కనుక, ముందు చక్రమొకటి విప్పి వెనక్కి వేసి, స్టెప్నీని ముందు బిగించాం. వెనక రెండూ జత కుదిరాయి. ఆ తర్వాత రాళ్లూ మట్టీ ఉన్నచోట తప్ప ఆయన ఫోర్ వీల్ వేయలేదు. 4,500 మీటర్ల ఎత్తుకు దగ్గర్లో రెండు చక్రాలు విప్పి బిగించడమంటే ఏమిటో ఊపిరితిత్తులకే తెలుసు.

కుంజుమ్ కనుమ ఎత్తు 4,551 మీటర్లు. అక్కడ కుంజుమ్ దేవి గుడి చుట్టూ బండితో సహా ప్రదక్షిణ చేసి ముందుకు పోవడం ఆచారం. రోడ్డు నీడ భాగంలో మురికి మంచు ఇంకా కరగలేదు. మంచు విషయంలో సైడ్‌వాల్ మీద చూడాల్సింది మూడు శిఖరాల మధ్య మంచుపువ్వు గుర్తు. అది నొక్కిన మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకే ఇస్తారు. ‘ఎం ప్లస్ ఎస్’ అన్నది కంపెనీ తనంత తానుగా వేసుకునే ముద్ర. దాన్ని చూసి మురిసిపోకండి. కనుమ మీద బావ గేజి పెట్టి చూస్తే మనాలిలో కొట్టించిన దానికన్నా నాలుగు పాయింట్లు ఎక్కువ చూపించింది. గేజి చూపేది లోపలి గాలికీ బయటి గాలికీ ఉన్న తేడా. సముద్రమట్టంలో బయటి గాలి ఒత్తిడి 14.7 పాయింట్లు, కుంజుమ్ మీద ఎనిమిది చిల్లర. బయటి ఒత్తిడి పడిపోతే లోపలిది పెరిగినట్టు కనిపిస్తుంది. రాత్రి చలికి మళ్లీ అదే గేజి కిందికి దిగుతుంది. అందుకే కొండల్లో పొద్దున్నే, బండి కదలక ముందే గాలి చూసుకోవాలి.

లోసర్ నుంచి కాజా దాకా గులకరాళ్ల రోడ్డు, దుమ్ము. కీ మఠం, లాంగ్జా, హిక్కిమ్ పోస్టాఫీసు గురించి తెలుగులోనే చాలామంది రాశారు కనుక వాటిని వదిలేస్తాను. కాజాలో పంక్చరు కొట్లున్నాయి కానీ 255/60 ఆర్ 18 టైరు దొరకలేదు. స్టెప్నీ లేని బండితో మళ్లీ బాటల్ రాళ్లలోకి దిగడం తెలివితక్కువతనమని, తిరుగు ప్రయాణం కిన్నౌర్ వైపు మార్చుకున్నాం. క్రీ.శ. 996లో కట్టిన తాబో మఠం, నాకో, అక్కడి నుంచి సిమ్లా. దూరమే, కానీ రోడ్డు ఎన్నో రెట్లు నయం. డాక్టరు గారికి కొత్త టైరు చండీగఢ్‌లో దొరికింది.

ఇల్లు చేరాక ముగ్గురం లెక్కలు చూసుకున్నాం. బావ హైవే టైర్లు మార్చనంటున్నాడు. అరిగేదాకా మార్చాల్సిన పనీ లేదు. డాక్టరు గారు కంపెనీ అనుమతించిన 17 అంగుళాల రిమ్ములకు దిగుదామా అని చూస్తున్నారు. నా మూడు పొరల టైర్ల మీద గీతలు తప్ప దెబ్బల్లేవు గానీ, ఏడాదంతా ఓఆర్ఆర్ మీద ఆ ఊళ వింటూ తిరిగేది నేనే. మీ బండి ఏడాదికోసారి మారేడుమిల్లి, లంబసింగి దాకా వెళ్లేదే అయితే బరువు లేని మామూలు ఆల్ టెరైన్ చాలు. కొనేటప్పుడు ట్రెడ్ వంక చూడ్డం ఆపి సైడ్‌వాల్ మీద పొరల లెక్క చదవండి, అక్కడే నాలుగంకెల్లో ఉండే తయారీ వారం, సంవత్సరం చూడండి, నాలుగు కాదు ఐదు టైర్లు కొనండి.