ఒక్క తాళంచెవి

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఇంటి దస్తావేజులు స్కాన్ చేసి, జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌తో తాళం వేసి దాచుకునేవాళ్లు ఒక్కో ఫైలూ విప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు. టెర్మినల్‌లో జీపీజీకి ‘డిక్రిప్ట్-ఫైల్స్’ ఆప్షన్ ఇచ్చి, పక్కన నక్షత్రం గుర్తు, చుక్క, జీపీజీ అని కొడితే ఆ ఫోల్డర్‌లోవన్నీ వరుసగా తెరుచుకుంటాయి. పేరు చివరి జీపీజీ తోక ఊడి, అసలు పేరుతో కొత్త ఫైలు వచ్చి పక్కన చేరుతుంది. అన్నీ ఒకే కీతో మూసినవైతే, పాస్‌ఫ్రేజ్‌ను జీపీజీ ఏజెంట్ కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. ప్రతి ఫైలుకూ అడగదు.

ఈ పని చేసినప్పుడల్లా నాకు ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామం మనసులో మెదులుతుంది. అక్కడి గోండి రాతప్రతులకు ఎవరూ తాళం వేయలేదు. లిపి చదవగల పెద్దలు కొద్దిమందే మిగలడంతో అవి మూతపడిపోయాయి. ఆ పెద్దలు అక్షరాలు నేర్పాకే ఆ ప్రతులు మళ్లీ పలికాయి. 2018లో యూనికోడ్ 11లో గుంజాల గోండి లిపికి చోటు దక్కింది.

చదవగలిగే మనిషి లేకపోతే రాతప్రతి అయినా ఫైలైనా ఒకటే. పాస్‌ఫ్రేజ్ పోతే ఏ కమాండూ ఆదుకోదు. రహస్య కీకి నకలు తీసి వేరేచోట భద్రపరచండి. మీ తర్వాత ఆ ఫైళ్లు తెరవాల్సినవాళ్లకు తెరిచే దారి ఇవాళే చెప్పండి.