నివారణ మందుకు కాలమే అసలు పరీక్ష

మైగ్రేన్ అని మనం పిలుచుకునే పార్శ్వపు నొప్పికి రెండు తరగతుల మందులున్నాయి. నొప్పి వచ్చినప్పుడు వేసుకునేవి కొన్ని, రాకుండా నెలల తరబడి వాడేవి మరికొన్ని. రెండవ తరగతి మందును నొప్పి లేని రోజున కూడా వేసుకోవాలి. కనుక దాని భద్రతను మరింత నిక్కచ్చిగా తూచాలి. ‘పనిచేస్తుందా?’ అన్న ప్రశ్నకు మూడు నెలలలో సమాధానం దొరకవచ్చు. ‘ఏళ్ళపాటు వాడితే ఏమగును?’ అన్న ప్రశ్నకు కాలమొక్కటే సమాధానం చెప్పగలదు.

మెథిసర్జైడ్ చరిత్ర ఇందుకు నిదర్శనం. ఇటలీ వైద్యుడు సికుటేరి 1959లో మైగ్రేన్ నివారణకు దీని ఉపయోగాన్ని తెలియజేశాడు. మందు నిజంగానే చక్కగా పనిచేసింది. అయితే 1960లలో అమెరికా వైద్యుడు జాన్ గ్రాహం తదితరులు ఒక ప్రమాదాన్ని గుర్తించారు. ఎడతెరిపి లేకుండా వాడినవారిలో కొందరికి ఉదరకుహరం వెనుక మచ్చవంటి గట్టి కణజాలం పెరిగి, మూత్రనాళాలను నొక్కివేస్తున్నది. ఆరునెలలకొకమారు కొన్ని వారాలపాటు ఈ మందును ఆపవలెనన్న నియమం అలా ఏర్పడింది.

ఇటువంటి దుష్ఫలితాలు ముందుగా ఎందుకు బయటపడవు? లెక్క సులభమే. వెయ్యిమందిలో ఒకరికి కలిగే హాని కనీసం ఒక్కసారైనా కంటపడుతుందని 95 శాతం నమ్మకం కుదరాలంటే, దాదాపు 3,000 మందిపై పరీక్షించాలి. ప్రాణాంతకం కాని వ్యాధులకు దీర్ఘకాలం వాడే మందుల విషయంలో 1994 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు మొత్తం సుమారు 1,500 మందిని, అందులో ఏడాదిపాటు వాడినవారిని కనీసం 100 మందిని కోరాయి. మీరు అయిదేళ్ళు వాడబోయే మందును ఏడాది వాడి చూసినవారు నూరుమందే కావచ్చునన్నమాట.

ఇటీవలి ఉదాహరణ ఎరెన్యుమాబ్. మైగ్రేన్‌లో పాత్ర వహించే సీజీఆర్‌పీ అనే పదార్థపు గ్రాహకాన్ని అడ్డుకునే ఈ ఇంజెక్షన్‌కు 2018 మేలో అమెరికా అనుమతి లభించింది. 383 మందిని అయిదేళ్ళ వరకు గమనించిన అధ్యయనం 2021లో వెలువడింది. అందులో కొత్త ప్రమాదమేదీ కనిపించలేదు. ఇది సంతోషకరమే. కాని అటువంటి కొనసాగింపు అధ్యయనంలో పోల్చి చూసేందుకు మందు వాడని బృందం ఉండదు. పడనివారు మధ్యలోనే తప్పుకుంటారు, చివరికి మిగిలేది ఎక్కువగా మందు సరిపడినవారే. మరోవైపు, మందు బజారులోకి వచ్చాక అందిన నివేదికల మూలంగా తీవ్రమైన మలబద్ధకం, రక్తపోటు పెరుగుదల గురించిన హెచ్చరికలు 2020 నాటికి దాని సమాచార పత్రంలో చేరాయి. ఆ నివేదికలకు ఆధారం సామాన్య రోగులు చెప్పిన మాటలే.

పాత మందులైనా జాగ్రత్త తప్పదు. ఏనాటిదో చీటీ చూపి మందుల షాపులో ఫ్లునారిజిన్ కొనుక్కుంటూ వచ్చినవారిని నా వృత్తి జీవితంలో ఎందరినో చూశాను. దీర్ఘకాలం వాడితే బరువు పెరగడం, మనసు కుంగడం, ముఖ్యంగా వృద్ధులలో పార్కిన్సన్ వ్యాధిని పోలిన వణుకు, మందగమనం కలుగవచ్చు. ‘వయసు మీదపడింది’ అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకున్నది మందు ప్రభావమే కావచ్చు! వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. టోపిరమేట్ వల్ల మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడవచ్చు.

ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. నెలకు పది రోజులు చీకటి గదిలో గడిపేవారికి నివారణ మందు మళ్ళీ జీవితాన్నిస్తుంది. నేను కోరేది మూడే. మందు మొదలుపెట్టిన తేదీ, నొప్పి వచ్చిన రోజులు, కొత్తగా తోచిన మార్పులు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆరునెలలకో, ఏడాదికో ‘ఇంకా అవసరమా?’ అని మీ వైద్యుణ్ణి అడగండి, సొంతంగా మాత్రం హఠాత్తుగా ఆపవద్దు. అనుమానం కలిగితే వైద్యునికి చెప్పండి. భారత ఔషధ నిఘా కార్యక్రమపు ఉచిత నంబరు 1800-180-3024కు రోగులు స్వయంగా కూడా తెలుపవచ్చు. మీరు చెప్పిన ఒక్క మాట, రేపు అదే మందు వాడబోయే మరొకరికి రక్ష కాగలదు.