గండుపిల్లి సరిహద్దులు

మార్జాలమంటే మన తెలుగువారికి మొదటినుండీ కొంత చిన్నచూపే. బయలుదేరిన వేళ ఎదురైతే అపశకునమంటాము. గుట్టుగా తప్పు చేసేవానిని కళ్ళు మూసుకొని పాలు త్రాగే పిల్లితో పోలుస్తాము. వంగదేశంలో మాత్రం పిల్లికి ఒక గౌరవస్థానమున్నది. సంతానాన్ని కాపాడే షష్ఠీదేవికి అది వాహనం. అక్కడి వ్రతకథలో ఒక ఇంటి కోడలు తాను దొంగచాటుగా తిన్న పదార్థాల నేరాన్ని నల్లపిల్లిపై మోపుతుంది. ఆ పిల్లి ఆమె బిడ్డలను ఎత్తుకొనిపోయి దేవికి అప్పగిస్తుంది. నేరం మోపే ముందు విచారించవలెనన్నది అందులోని నీతి. ఖరగ్‌పూర్‌లో మా ఇంట ఒక గండుపిల్లి విషయంలో ఈ నీతి మాకు ఎంతో అక్కరకు వచ్చినది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఖరగ్‌పూర్‌ను పెద్ద కూడలిగాను, కర్మాగార కేంద్రంగాను తీర్చిదిద్దిన నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు ఉపాధికై ఆ ఊరు చేరుతూ వచ్చారు. మా తాతగారు ఒక ఇనుప ట్రంకుపెట్టెతో అట్లా వచ్చినవారే. గోడకు ఇవతల తెలుగు, అవతల బెంగాలీ వినిపించే రైల్వే క్వార్టర్లలో మా బాల్యం గడిచినది. ఉద్యోగ విరమణానంతరం నాన్నగారు మలంచలో చిన్న ఇల్లు కట్టించారు. ఆయన కాలధర్మం చెందిన సంవత్సరం వర్షాకాలంలో తడిసి ముద్దయిన పిల్లికూన ఒకటి మా వసారాలోనికి వచ్చినది. నెలల తరబడి ఎవరితోనూ సరిగా మాట్లాడని మా అమ్మ, దానికి పాలు పోస్తూ మొదటిసారి నోరు విప్పినది. బెంగాలీలో గండుపిల్లిని ‘హులో’ అంటారు. పొరుగింటి పిల్లలు అట్లా పిలువగా అదే దాని పేరయినది.

హులోకు ఏడాది నిండేసరికి చిక్కు మొదలైనది. గోడవైపు వెన్ను త్రిప్పి, తోక నిటారుగా నిలిపి, తోక కొసను వణికిస్తూ గోడపై మూత్రం చిమ్మేది. వసారా కిటికీ క్రింది గోడ, తాతగారి ట్రంకుపెట్టె, చివరకు పూజగది తలుపు కూడా దాని పాలబడినవి. ఎంత కడిగినా వాసన పోదు. అమ్మకు మడి, ఆచారం ప్రాణం. నా శ్రీమతికి రోజుకు రెండుసార్లు గోడలు కడిగే పని. “అత్తయ్యగారూ, ఇక నా వల్ల కాదండీ” అని ఆమె ఒకనాడు కంటనీరు పెట్టుకొన్నది. అమ్మ కొంతసేపు మౌనంగా ఉండి, “దానిని గోనెసంచిలో వేసి యార్డు అవతల విడిచిరా నాయనా” అన్నది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

విషయం తెలిసి పొరుగింటి బెంగాలీ పెద్దమ్మగారు షష్ఠీదేవి కథను గుర్తుచేసి, “ముందు డాక్టరుకు చూపించండి, తీర్పు తరువాత” అన్నారు. పెంపుడు జంతువును దిక్కులేకుండా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని తరువాత తెలిసినది. పరిచయం లేని చోట, అక్కడి పిల్లుల నడుమ, ఇంటిలో పెరిగిన పిల్లి బ్రతికి బట్టకట్టడం కష్టమే.

పశువైద్యుడు చెప్పిన మొదటి మాట ఏమనగా, మూత్రవిసర్జన వేరు, గుర్తు పెట్టడం వేరు. పిల్లి మూత్రం పోయవలసి వచ్చినప్పుడు నేలపై చతికిలబడి ఎక్కువగా పోస్తుంది. గుర్తు పెట్టేటప్పుడు నిలుచుండి, నిలువుగా ఉన్న గోడపైననో తలుపుపైననో కొద్దిగా చిమ్ముతుంది. ఇది కక్షతో చేసే పని కాదు, ‘ఈ చోటు నాది’ అని ఇతర పిల్లులకు తెలిపే ప్రకటన. గండుపిల్లుల మూత్రంలో ‘ఫెలినైన్’ అనే గంధకయుక్తమైన అమైనో ఆమ్లం అధికం. అది క్రమంగా విడిపోవడం వలననే ఆ ఘాటు వాసన. తిరుమలలో శ్రీవారి శుక్రవారాభిషేకానంతరం వినియోగించే పునుగు కూడా పునుగుపిల్లి తన సరిహద్దులకు పూసుకొనే గంధమే. ఒక జంతువు గుర్తు మనకు సుగంధం, మరొకదాని గుర్తు దుర్గంధం!

ఆయన సూచనపై మేము మరకలున్న తావులను కాగితంపై గుర్తించాము. అన్నీ పెరటివైపే ఉన్నవి. సంధ్యవేళ ఒక వీధి గండుపిల్లి పెరటిగోడపై కూర్చుండి లోనికి చూచేది. దానిని చూచి హులో కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరిగేది. అసలు కారణం అక్కడ ఉన్నది.

హులోకు బీజాలు తొలగించే శస్త్రచికిత్స చేయించాము. దీనివలన పది మగపిల్లులలో సుమారు తొమ్మిదింటికి ఈ అలవాటు పోవడమో బాగా తగ్గడమో జరుగుతుంది. కొన్నింటికి వారాలు, కొన్నింటికి నెలలు పడుతుంది. ఆడపిల్లులు కూడా అప్పుడప్పుడు చిమ్ముతాయి. కిటికీ క్రింది సగానికి మసక కాగితం అంటించి, పెరటిలో ఎంగిలి మెతుకులు పారవేయడం మానుకొన్నాము. ఇసుక తొట్లు రెండు వేరువేరు చోట్ల పెట్టి ప్రతిదినం శుభ్రం చేశాము.

కడిగే విధానం కూడా ముఖ్యమే. మన ఇండ్లలో వాడే ఫినాయిల్ రకాలలోని ఫినాల్ పదార్థాలను పిల్లి కాలేయం సరిగా విరువలేదు. పాదాలకు అంటినది నాకితే విషమే. అమోనియా ఉన్న ద్రావకాలు మూత్రపు వాసనను తలపించి మళ్ళీ అక్కడికే రప్పిస్తాయి. ఎంజైములున్న బట్టలసబ్బు పొడి కలిపిన నీటితో కడిగి, మంచినీటితో తుడిచి, ఆరిన తరువాత సర్జికల్ స్పిరిట్ అద్దితే వాసన పోతుంది. రంగు చెడుతుందేమో ముందు ఒక మూల పరీక్షించుకోవలెను. తాను తినే చోట పిల్లి సాధారణంగా గుర్తు పెట్టదు గనుక దాని పళ్ళెాన్ని ట్రంకుపెట్టె ప్రక్కకు మార్చాము.

కొట్టడం, తిట్టడం వలన భయం పెరిగి, గుర్తులు కూడా పెరుగుతాయి. మరొక హెచ్చరిక. మగపిల్లి మాటిమాటికి చతికిలబడి ముక్కుతూ చుక్క మూత్రమైనా పోయలేకపోతే అది అలవాటు కాదు, మూత్రనాళం మూసుకొనిపోయిందన్నమాట. ఒకటి రెండు రోజులలో ప్రాణాపాయం. వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

రెండు నెలలకు పూజగది తలుపు పూర్తిగా శుభ్రపడినది. అమ్మ గడపకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ముగ్గు వేసినది. ఆమె వ్రేళ్ళు గడపపై కదులుతూ ఉండగా నాకొక సంగతి స్ఫురించినది. భాష తెలియని ఊరికి వచ్చిన మా నానమ్మ క్వార్టరు గడపకు ఇట్లాగే పసుపు పూసి, ‘ఇది మా ఇల్లు’ అని చాటుకొన్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపునిచ్చినప్పుడు మావారు అంతగా సంతోషించినది కూడా అందుకే. ఉన్నచోటు తనదేనని తెలుపుకోవడం ప్రాణికోటికంతటికీ సహజం. హులో తనకు తెలిసిన లిపిలో వ్రాసినది, అంతే.

ఇప్పటికీ వానాకాలంలో వీధిపిల్లి గోడ ఎక్కిన రోజున ఒకటి రెండుసార్లు వసారా గోడ తడుస్తుంది. నా శ్రీమతి విసుగుకొనకుండా సబ్బునీళ్ళు తెస్తుంది. అమ్మ మాత్రం రాత్రి భోజనానికి కూర్చునే ముందు ట్రంకుపెట్టె ప్రక్కనున్న పళ్ళెం నిండినదో లేదో చూచుకొంటుంది.